కార్తీకంలో కోడికూర

నల్లగండ్ల దాటి తెల్లాపూర్ వైపు తిరిగే మలుపులో షేర్ ఆటో ఒక పక్కకి ఒరిగి, కుంటుకుంటూ పది గజాలు పోయి ఆగిపోయింది. వెనక చక్రంలో గాలి లేదు. లోపలున్న నలుగురిలో ముగ్గురు ఫోన్లు చూసుకుంటూ దిగారు, ఫోన్లు చూసుకుంటూనే నడిచి వెళ్ళిపోయారు. నాగేశ్వరి ఒక్కతే సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయింది. వెళ్ళవలసిన చోటు ఇంకెంత దూరమో ఆమెకు తెలియదు. పదిన్నరకల్లా అక్కడ ఉండమన్నారు. అప్పటికే పది.

తెలియకపోవడంలో ఆమె తప్పేమీ లేదు. ఈ ప్రాంతంలో నిరుడు ఎవరైనా గుర్తు పెట్టుకున్న బండరాయి ఈ ఏడు ఉండదు. యుగాలుగా ఎండకు కాగిన రాళ్ళను పిండి చేసి, వాటి చోటే వాటికంటే ఎత్తైన గోడలు నిలబెట్టారు. వెనకటి బాటసారులు ఒక ఊరి గురించి రాస్తే ముందు అక్కడి నీళ్ళెలా ఉన్నాయో, ఆ తర్వాత అక్కడి తిండి ఎలా ఉందో రాసేవారు. ఇప్పుడు రాసేవాడెవడైనా ఉంటే ముందు గేటు దగ్గర ఎంతసేపు నిలబెట్టారో రాయాలి.

ఆటో నడిపే మనిషి పేరు తిరుపతి. సిరిసిల్ల వైపు నుంచి వచ్చి ఈ రోడ్ల మీద తొమ్మిదేళ్ళుగా తిరుగుతున్నాడు. సీటు కింద నుంచి జాకీ తీసి, బండిని పైకి లేపుతూ, దిగని ఈ మనిషిని చూశాడు.

"దిగు అక్కా జర. నీ బరువు గూడ నేనే లేపాల్నా?"

నాగేశ్వరి దిగి, ఊడదీసిన మరలు తన పైటకొంగులో పట్టుకుంది. పని జరుగుతున్న చోట చేతులూపుకుంటూ నిలబడటం ఆమెకు చేతకాదు. పది నిమిషాల పనిలో మాటలు వాటంతటవే వస్తాయి. ఎక్కడికి, ఎందుకు అని అతను అడిగాడు. ఆమె చెప్పింది.

చీరాల పక్క పల్లె ఆమెది. భర్త నీళ్ళ ట్యాంకరు నడుపుతాడు. చందానగర్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్లో పద్నాలుగేళ్ళు వంట చేసింది. నూట ఎనభై మంది పిల్లలు, మూడు పూటలు. ఆ బిల్డింగు అమ్ముడుపోయింది, ఆషాఢంలో కూలగొట్టారు. అప్పటినుంచి ఇళ్ళల్లో వంట కోసం తిరుగుతోంది. ఇళ్ళవాళ్ళు ముందు ఒక పూట వండించి చూస్తారు, నచ్చితేనే రమ్మంటారు. ఇప్పటికి రెండు చోట్ల వండింది, రెండు చోట్లా మళ్ళీ ఫోను రాలేదు. ఇది మూడోది. ఇదీ పోతే సోమవారం నుంచి నల్లగండ్లలో ఒక అపార్టుమెంటులో అంట్లు తోమడానికి వెళ్ళాలి. ఆ పని ఆడపడుచు కళ్యాణి ముందే మాట్లాడి పెట్టింది. అంట్లు తోమడం తక్కువ పని అని ఆమె అనుకోదు. కానీ గరిటె పట్టిన చేయి అంట్ల పీచు పట్టుకుంటే, ఆ చేతికి మళ్ళీ గరిటె ఇచ్చేవాళ్ళు ఉండరని ఆమెకు తెలుసు.

"రెండు దిక్కుల ఎందుకు కుదర్లే?" అన్నాడు తిరుపతి.

ఇద్దరున్న ఇంట్లో పప్పుచారు పెట్టమంటే ఆమె ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ నింపేసింది. అది ఒకటి. రెండోది ఉప్పు. పద్నాలుగేళ్ళు ఆమె ఉప్పు కొలిచింది స్టీలు గ్లాసుతో. నలభై కిలోల కోడికి ఎన్ని గ్లాసులో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. ఒక్క కిలో కోడికి ఎంతో చేతికి తెలియదు. చేతి లెక్కలు అలాంటివే. ఓడలు కట్టే వడ్రంగిని పిలిచి పిల్లాడికి బొంగరం చెక్కమంటే అతనికీ మొదట చేయి తిరగదు.

"రుచి చూసుకోవచ్చు గదా."

"కార్తీకం కదండీ. నెలంతా నీచు ముట్టను."

హాస్టల్లో ఇబ్బంది ఉండేది కాదు. కూరలు తరిగేవాళ్ళు, వడ్డించేవాళ్ళు, ఆకలికి ఆగలేక వంటింటి గుమ్మంలో నిలబడ్డ పిల్లలు, ఎప్పుడూ పది నోళ్ళు సిద్ధంగా ఉండేవి. ప్రతి కార్తీకంలోనూ ఆమె ముట్టకుండానే వండింది, వాళ్ళే చెప్పేవారు. ఇంటి వంటలో నోరు ఒక్కటే, అదీ తనదే.

"ఇయ్యాల ఏం వండుమన్నరు?"

"చికెనండి. క్రీము వేసి, మెత్తగా, చిక్కగా, హోటల్లోలాగా కావాలట."

తిరుపతి నవ్వలేదు. చక్రం ఎక్కించి, ఆమె కొంగులోంచి మరలు ఒక్కొక్కటే తీసుకుని బిగిస్తూ, తన అమ్మమ్మ సంగతి చెప్పాడు. ఆమెది పెళ్ళిళ్ళకు వండే చేయి. నడివయసులో మెళ్ళో తులసిదండ వేసుకుంది, ఇక నీసు ముట్టలేదు. అయినా చుట్టుపక్కల ఏడూళ్ళలో ఏ పెళ్ళికైనా మేకను కోస్తే ఆ యాటకూర ఆమే వండేది.

"దండ ఏసుకున్నంక ఉప్పెట్ల చూసేదట?" అంది నాగేశ్వరి, తెలియకుండానే అతని యాసలోకి పోయి.

"ఎవని అరచేతిలనో ఇంత పోసేది. పోసి, మొఖం దిక్కు చూసేది. అక్కా, మంచిగున్నదా అంటె ఎవడైన మంచిగున్నదనే అంటడు, మొఖమాటానికి. నోటిమాట ఇనకు. కనుబొమ్మలు చూడు. అవ్వి అబద్ధమాడయి."

గేటు దగ్గర దింపి, ఇంకెవరో చేయి ఊపితే అటు వెళ్ళిపోయాడు. మళ్ళీ కనబడే మనిషి కాడు. అతని మాట మాత్రం ఆమె వెంట పదిహేడో అంతస్తు దాకా లిఫ్టులో వచ్చింది.

తలుపు తీసిన అమ్మాయి పేరు సౌజన్య. ముప్ఫై నాలుగేళ్ళుంటాయి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉన్నాయి. ఎవరితోనో ఇంగ్లీషులో మాట్లాడుతూనే నవ్వి, లోపలికి రమ్మని చేయి చూపించి, కాసేపాగి మైకు ఆపి, గబగబా నాలుగు మాటలు చెప్పింది. ఇవాళ ఒంటిగంటన్నర దాకా మీటింగులేనట, మధ్యలో లేవలేదట, ఏదైనా కావాలంటే అత్తయ్యని అడగమంది. నంద్యాల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబం. భర్త ఆఫీసుకు వెళ్ళాడు, పాప బడికి వెళ్ళింది. మూడు నెలలుగా తిండి డబ్బాల్లో వస్తోందని, ఆ మూతలు తీసీ తీసీ విసుగొచ్చిందని అంది. చివర్లో, "నాకు మా అమ్మ చేసినట్టో, ఇంకెవరో చేసినట్టో అక్కర్లేదండి. ఇంట్లో వండిన వాసన రావాలి. అంతే" అని గదిలోకి వెళ్ళిపోయింది.

అత్తగారు ఓబులమ్మ సోఫా అంచున కూర్చుని ఒత్తులు చేస్తోంది. ఆమె కూడా కార్తీకం పట్టింది. అందుకని కోడికూర ఇంటి పొయ్యి మీద కుదరదు. వంటింటి వెనక బట్టలుతికే బాల్కనీలో ఒంటి పొయ్యి, విడిగా ఒక మందపాటి గిన్నె, విడిగా రెండు గరిటెలు ఏర్పాటు చేశారు. ఒక కోడలి తిండికీ ఒక అత్త వ్రతానికీ మధ్య ఇంత చక్కటి సరిహద్దు గీయడానికి ఆ ఇంట్లో ఎన్నాళ్ళు పట్టిందో. పెద్ద పెద్ద రాజ్యాలు ఇంతకంటే చిన్న విషయాల మీద యుద్ధాలు చేసుకున్నాయి.

"యా ఊరు మీది?" అంది ఓబులమ్మ, తలెత్తకుండా.

చీరాల అని విని, కార్తీకం పట్టావా అని అడిగింది. పట్టానంది నాగేశ్వరి.

"పట్టినదానివి కోడికూర చేసేకి వచ్చినావే."

"చేస్తానండి. తినను. ఉప్పు కూడా చూడను."

"మరి ఎట్ల తెలుస్తాది? నన్ను మాత్రం అడగద్దు." ఒత్తి ఒకటి పక్కన పెట్టి, గొంతు తగ్గించి మళ్ళీ అంది. "ఈడ ఎవరుండారు చూసేకి. రవ్వంత నాలిక మీద ఏసుకో, కడుక్కో."

"పద్నాలుగేళ్ళు లాగానండి పెద్దమ్మగారూ. ఇప్పుడు ఒక్క కోడి కోసం చెడగొట్టుకోమంటారా?"

ఓబులమ్మ ఇంకో ఒత్తి తీసుకుంది.

నాగేశ్వరి బాల్కనీలోకి వెళ్ళి కొంగు బిగించింది. ముక్కలకు పెరుగు, పసుపు, అల్లం వెల్లుల్లి పట్టించి పక్కన పెట్టింది. ఉల్లిపాయలు సన్నగా తరిగి, అరగంట సేపు సన్నసెగ మీద తేనెరంగుకు తెచ్చింది. హాస్టల్లో కూర చిక్కబడాలంటే వేరుశెనగలూ ఖర్బూజా గింజలూ నూరేది. ఇక్కడ సీసా నిండా జీడిపప్పుంది. గుప్పెడు తీసుకుని, అది హాస్టల్ గుప్పెడని గుర్తొచ్చి సగం వెనక్కి పోసింది. ఉల్లి, జీడిపప్పు కలిపి మెత్తగా నూరి, నూనె పైకి తేలేదాకా వేయించి, ధనియాలపొడి, కారం వేసింది. ఈ కారం మన నేలకు ఓడల్లో వచ్చి అయిదు వందల ఏళ్ళు. అంతకు ముందు ఈ దేశంలో ఇంత తినీ ఎవరి కళ్ళ వెంటా నీళ్ళు రాలేదంటే నమ్మబుద్ధి కాదు. ముక్కలు వేసి మూత పెట్టింది. ఉప్పు చిటికెలతో వేసింది, లెక్కపెడుతూ, పిల్లలకు మందు పోసినట్టు.

క్రీము కోసం ఫ్రిజ్ తీస్తే లేదు. ఆ సంగతి ఓబులమ్మ వెళ్ళి గది గుమ్మంలో సైగ చేస్తే, సౌజన్య మీటింగులోంచే ఫోనులో ఏదో నొక్కింది. తొమ్మిది నిమిషాల్లో గంట మోగింది. తెల్లటి డబ్బా, మీద తెల్లటి అల బొమ్మ, చుట్టూ ఇంగ్లీషు అక్షరాలు. మూత తీస్తే నురగలాంటి చిక్కటి తెలుపు. నాగేశ్వరి సెగ తగ్గించి, విరగకుండా కొంచెం కొంచెంగా పోస్తూ తిప్పింది. కూర రంగు మారి, మెత్తని కాషాయానికి వచ్చి, గరిటెకు పట్టుకుంది. చూడటానికి అచ్చం అడిగినట్టే ఉంది.

పన్నెండు నలభై. ఇక రుచి చూసే నోరు కావాలి.

ఆ ఇంట్లో ఉన్న నోరు ఒక్కటే, అది మీటింగులో ఉంది. నాగేశ్వరి కాసేపు బాల్కనీలోనే నిలబడింది. కింద అంత లోతున ఆటోలు చీమల్లా పోతున్నాయి. తర్వాత గరిటెలో చెంచాడు కూర తీసుకుని, కింద ఎడమచేయి పట్టి, గది గుమ్మం దాకా వెళ్ళింది. సౌజన్య తెర వైపు చూస్తూ మాట్లాడుతోంది. గోడ వారగా, కెమెరాకు కనబడకుండా నడిచి, బల్ల పక్కకు చేరి, తన అరచేయి చాపి చూపించింది. సౌజన్య కళ్ళు ఒక్క క్షణం ఇటు తిరిగాయి. అర్థమైంది. మాట ఆపకుండానే ఎడమచేయి బల్ల కిందికి చాపి, మళ్ళీ ఏమనుకుందో ఆ చేయి వెనక్కి తీసుకుని, మౌస్ వదిలేసి, కుడిచేయి చాపింది. వేల మైళ్ళ అవతల ఎవరికో ఏవో అంకెలు చెబుతున్న మనిషికి కూడా ఏ చేయి చాపాలో గుర్తుంది.

నాగేశ్వరి ఆ అరచేతిలో కూర పోసింది. సౌజన్య కిందపడ్డ పెన్ను కోసమన్నట్టు వంగి, అరచేయి నోటి దగ్గర పెట్టుకుంది.

కనుబొమ్మలు రెండూ పైకి లేచి, దగ్గరికొచ్చి, అక్కడే ఆగిపోయాయి.

నిటారుగా కూర్చుని మాట అందుకుంది, గొంతులో తేడా లేదు. చేయి మాత్రం పక్కనున్న పసుపు కాగితాల కట్ట లాక్కుని, అదే పెన్నుతో రెండక్షరాలు రాసింది. తీపి.

నాగేశ్వరి ఆ కాగితం పట్టుకుని బయటికొచ్చి నిలబడింది. అయిపోయిందనుకుంది. తను చక్కెర వేయలేదు, ఉల్లిపాయకు ఇంత తీపి రాదు. ఓబులమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని, డబ్బా తిప్పి తిప్పి, కూడబలుక్కుంటూ చిన్న అక్షరాలు చదివింది. కేకుల మీద పూసే క్రీము. చక్కెర కలిపే అమ్ముతారు. కోడలు హడావిడిలో పక్క బొమ్మ నొక్కింది. వేలు పెట్టి చూసిన వంటమనిషైతే గరిటె పెట్టకముందే తెలుసుకునేది. డబ్బాలో ఉన్నది పాల వస్తువే, చూసినా వ్రతానికొచ్చిన నష్టం లేదు. కానీ ఒక్క మెతుకు కూడా నోట పెట్టకుండా వండే అలవాటు ముదిరి, చూడొచ్చన్న ఆలోచన కూడా ఆమెకు రాలేదు.

"చెప్పేస్తానండి. నేనే చూసుకోలేదని చెప్పేస్తాను" అంది నాగేశ్వరి. కొంగు ముడి విప్పబోయింది.

ఓబులమ్మ గోడ గడియారం వైపు చూసింది. "ఒకటిన్నర దాంక ఆ పిల్ల లేసేది లేదులే. పొయ్యి ఆర్పద్దు."

విప్పబోయిన ముడి మళ్ళీ బిగిసింది. హాస్టల్లో ఒకసారి సాంబారులో రెండుసార్లు ఉప్పు పడింది. నూట ఎనభై మందిని పస్తు పెట్టలేక ఆ పూట ఏం చేసిందో చేతులకు గుర్తొచ్చింది. ముక్కలన్నీ ఏరి పళ్ళెంలోకి తీసింది. పులుసంతా వేరే గిన్నెలోకి వంపి, అందులో పావు వంతు మాత్రం ఉంచుకుంది. మళ్ళీ ఉల్లిపాయ, ఈసారి సన్నసెగకు టైము లేదు, పెద్ద మంట మీద, చేయి ఆపకుండా. మళ్ళీ జీడిపప్పు. మిరియాలు దంచి వేసింది. కసూరీ మేతి అరచేతుల మధ్య నలిపి చల్లింది. పుల్ల పెరుగు వేసింది. తీపి తగ్గుతుంది, కానీ అడిగిన ఆ మెత్తదనం రాదు. క్రీము లేదు. ఇంకో డబ్బా తెప్పించాలంటే మళ్ళీ ఆ మీటింగులోకి వెళ్ళాలి.

వెనక ఫ్రిజ్ తలుపు తెరిచిన చప్పుడైంది. ఓబులమ్మ బాల్కనీ గుమ్మం దాకా వచ్చి, గడప దాటకుండా, ఒక స్టీలు గిన్నె కింద పెట్టింది. మూత మీద మంచు పొడి ఉంది. లోపల మీగడ. పదకొండు రోజులుగా ఉదయం పాలు, సాయంత్రం పాలు కాగపెట్టి, తీసి, చిన్న పెరుగుచుక్క కలిపి దాచిన మీగడ. అది వెన్న తీసి, నెయ్యి కాచి, పున్నమినాడు మూడు వందల అరవై అయిదు ఒత్తులు వెలిగించడానికి పెట్టుకున్నది. వ్రతం పట్టిన ఇంకో మనిషికి ఆ సంగతి విడిగా చెప్పనక్కర్లేదు.

"వద్దండీ పెద్దమ్మగారూ. దీపాలకి కదండీ."

"పున్నమికి ఇంకా నాలుగు దినాలుండాయి. నెయ్యి అంగట్లో దొరుకుతాది." ఓబులమ్మ వెనక్కి తిరిగి, నాలుగడుగులు వేసి, ఆగింది. "ఈ పిల్ల మూన్నెల్లుగా డబ్బాల్లో తింటాండాది. నువ్వు పట్టిన వ్రతం నువ్వు నిలుపుకుంటివి. ఆ గిన్నె నేనే ఇచ్చినాను, నువ్వు అడగలేదు. ఊ, కానీయ్."

నాగేశ్వరి గోరువెచ్చటి పాలు పోసి మీగడను కవ్వంతో చిలికింది. గట్టిపడ్డ తెలుపు విరిగి, కరిగి, పట్టులా అయింది. ఇళ్ళల్లో మీగడకు ఒక చిన్న పులుపుంటుంది, డబ్బా క్రీముకు ఎన్నటికీ రానిది. మిగిలిన తీపిని అదే మింగేస్తుందని ఆమె ముక్కు చెప్పింది. సెగ పూర్తిగా తగ్గించి, మీగడ పోసి, ముక్కలు మళ్ళీ దించి, మూత పెట్టి, చేతులు కడుక్కుని, నిలబడింది. ఇల్లంతా వాసన లేచింది. ఓబులమ్మ దీపాల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్న చప్పుడైంది, చిన్నగా, కోపం లేకుండా.

ఒకటి ఇరవై. గరిటె, కింద ఎడమచేయి, గోడ వార.

ఈసారి సౌజన్య కుడిచేయి ముందే బల్ల కింద సిద్ధంగా ఉంది. నాగేశ్వరి పోసింది. పెన్ను మళ్ళీ కింద పడింది.

నాగేశ్వరి పెదాల వైపు చూడలేదు. ఆ కనుబొమ్మలనే చూసింది. అవి కదల్లేదు. లేవలేదు, ముడిపడలేదు, పొద్దున్నుంచీ వాటి మధ్య ఉన్న చిన్న గీత మాత్రం మెల్లగా సాఫీ అయిపోయింది. సౌజన్య తెర వైపు తిరిగి, ఎవరో అడిగిన దానికి జవాబు చెబుతూ, కుడిచేయి మళ్ళీ బల్ల కిందికి చాపింది. ఖాళీ అరచేయి, వేళ్ళు కొంచెం ముడిచి. నాగేశ్వరి గరిటెలో మిగిలింది కూడా పోసింది. ఆ చేయి వెళ్ళింది, వచ్చింది. మూడోసారి గరిటెలో ఏమీ లేకపోతే వేళ్ళు రెండుసార్లు ఆడించింది, బస్సు ఎక్కమని తొందరపెట్టినట్టు.

బయటికొచ్చి నాగేశ్వరి ఒంటి పొయ్యి తుడిచింది. గిన్నె మీద మూత పెట్టి, పక్కన అన్నం సర్దింది. విడిగా పెట్టిన తీపి పులుసు ఏం చేయాలో తోచక అలాగే ఉంచింది. ఓబులమ్మ దీపాల గదిలోంచి, తలుపు సగం తీసి, కళ్ళు మూసుకునే మాట్లాడింది.

"రేపు వచ్చేటప్పుడు రెండు కట్టలు కొత్తిమీర తీస్కరా. ఆ ఫోన్లో వచ్చేదానికి వాసనే ఉండదు. మా కోడలికి గుత్తి వంకాయ కూర ఇష్టం, అది నీ నాలికతోనే చూసుకో."

నాగేశ్వరి తల ఊపింది, ఆమె కళ్ళు తెరిచి లేవని తెలిసినా. గదిలోంచి ఇంగ్లీషు ఇంకా వినబడుతోంది. సంచీ భుజాన వేసుకుంది. చందానగర్‌లో కొత్తిమీర పొద్దున్నే ఎక్కడ తాజాగా దిగుతుందో ఆమెకు తెలుసు. ఆరింటికల్లా పోతే వేళ్ళతో సహా దొరుకుతుంది. రెండు కట్టలంటే, హాస్టల్ కట్టలా, ఇంటి కట్టలా. అదే ఆలోచించుకుంటూ, అరచేతిని ముక్కు దగ్గర పెట్టుకుని మీగడ వాసన చూసుకుంటూ, ఆ ఇద్దరిలో ఎవరికీ ఏమీ చెప్పకుండా, తలుపు దగ్గరగా వేసి నడుచుకుంటూ పోయింది.